శాంటియాగో నుంచి హైదరాబాదు దాకా: క్లబ్బుల ఫుట్‌బాల్ చరిత్ర

విద్యార్థులారా! ముందుగా ఒక లెక్క చేద్దాం. ఏడు జట్లున్నాయి. ప్రతి జట్టూ మిగిలిన ఆరింటితో ఒక్కొక్కసారి ఆడాలి. మొత్తం ఎన్ని మ్యాచ్‌లు? ఏడును ఆరుతో హెచ్చించి రెండుతో భాగించండి. 21 వస్తుంది. ఓడిన జట్టు తప్పుకునే నాకౌట్ పద్ధతిలోనైతే ఆరు మ్యాచ్‌లు చాలు.

1948 ఫిబ్రవరి, మార్చి నెలల్లో చిలీ రాజధాని శాంటియాగోలో కోలో-కోలో క్లబ్బు మొదటి పద్ధతినే ఎంచుకుంది. దక్షిణ అమెరికాలోని ఏడు దేశాల నుంచి ఒక్కో క్లబ్బు వచ్చింది. అర్జెంటీనా క్లబ్బు రివర్ ప్లేట్‌లో యువకుడైన డి స్టెఫానో ఉన్నాడు. అయినా గెలిచింది బ్రెజిల్ క్లబ్బు వాస్కో డ గామా. నాలుగు గెలుపులు, రెండు డ్రాలు. గెలుపుకు రెండు, డ్రాకు ఒకటి చొప్పున 10 పాయింట్లు. రివర్ ప్లేట్‌కు 9. ఈ రెండూ తలపడిన మ్యాచ్‌లో ఒక్క గోల్ కూడా పడలేదు! ఈ పోటీని చూసిన ఫ్రెంచి పాత్రికేయుడు జాక్ ఫెరాన్ ఆ ఆలోచనను తన ఖండానికి మోసుకెళ్లాడు. 1955లో యూరప్ క్లబ్బుల కప్పు మొదలైంది. దక్షిణ అమెరికాలో కోపా లిబర్టడోరెస్ 1960లో వచ్చింది. వాస్కో విజయానికి మాత్రం ఖండ సమాఖ్య గుర్తింపు 1996 దాకా దక్కలేదు.

ఇక మన వైపు రండి. బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్పు నాకౌట్ పోటీ. దాన్ని 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు గెలుచుకుంది. ఇది ఎంత కష్టమో చూడండి. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం నూటికి 80 ఉన్న గట్టి జట్టునే తీసుకోండి. ఏటా నాలుగు మ్యాచ్‌లనుకుంటే ఐదేళ్లకు ఇరవై. 0.8ని ఇరవై సార్లు హెచ్చిస్తే 0.0115. అంటే నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే!

ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. బలహీనమైన కాలితోనే ఆడాలనీ, బంతిని డ్రిబుల్ చేయరాదనీ నియమాలు పెట్టి పోటీలు నడిపేవాడు. శాస్త్రం చెప్పే నాకు ఇది ఎంతో నచ్చుతుంది: ఒక్క అంశాన్ని వేరు చేసి పరీక్షించడమే కదా ప్రయోగమంటే. వాన వెలిసిన సాయంత్రం మన చౌల్దారీ మైదానంలో అరగంట ఎడమ కాలితోనే ఆడి చూడండి.

భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో హైదరాబాదు ఆటగాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, బలరాం ఉన్నారు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో బంగారు పతకం గెలిచేనాటికి రహీంకు క్యాన్సర్. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశాడు.

రోవర్స్ కప్పు 2001 తర్వాత జరగలేదు. తరగతిలో అడిగితే డి స్టెఫానో పేరు ఎవరో ఒకరు చెబుతారు. రహీం పేరు మాత్రం 2024లో హిందీ చిత్రం ‘మైదాన్’ వచ్చాకే కొందరి నోట వినిపించింది.