హాజరు పట్టీలో లేని రోజులు

తెల్లవారుజామున విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కి వెళ్తే మన కొండ సరుకు కళ్లబడకుండా ఉండదు. చింతపండు, పసుపు, అల్లం, పిప్పళ్లు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు. పాడేరు పసుపు, అరకు అల్లం అని వ్యాపారి ఊరి పేరు పెట్టి మరీ పిలుస్తాడు. సరుకుకి ఊరుంది, పేరుంది. దాన్ని పండించిన మనుషులు మాత్రం ఆ బజారులో అమ్మకందారులుగా తక్కువ కనిపిస్తారు. ఒక చాప, ఒక ప్లాస్టిక్ బకెట్, చిన్న గిన్నె, కాస్త బియ్యం, రెండు ఉల్లిపాయలు కొనుక్కుని కింగ్ జార్జ్ ఆసుపత్రి వైపు నడిచిపోయేవాళ్లుగానే ఎక్కువ కనిపిస్తారు. వాళ్లు రోగులు కారు. రోగికి తోడు వచ్చినవాళ్లు.

నేను రాయాలనుకున్నది ఈ తోడు వచ్చినవాళ్ల చరిత్ర. మన్యం చరిత్ర అంటే మనం తిరుగుబాట్లతో మొదలుపెడతాం, చట్టాలతో ముగిస్తాం. అవి రాయవలసినవే. కాని ఒక ఇంట్లో మనిషి మంచాన పడ్డప్పుడు, అప్పుల్లో పడ్డప్పుడు, జైలుకి పోయినప్పుడు పక్కన నిలబడ్డవాళ్లెవరు, అలా నిలబడినందుకు వాళ్లు పోగొట్టుకున్నదేమిటి అని మనం పెద్దగా అడగలేదు. కాగితం మీద దొరకని సంగతి కాబట్టి అడగలేదేమో. వెతికితే అక్కడక్కడా దొరుకుతుంది.

ముందు భుజాల సంగతి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. అందులో గదబల గురించి రాస్తూ వాళ్లు పల్లకీ మోసే పని చేస్తారనీ, గుర్రాన్ని ముట్టుకోరనీ చెప్పాడు. గుర్రం తమ పనికి పోటీ కాబట్టి ముట్టుకోరట! చదివినప్పుడు నవ్వు వస్తుంది. కాసేపు ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. ఏజెన్సీకి వచ్చే అధికారులకి సామాను మోసిందీ, మనుషుల్ని మోసిందీ ఈ కొండల జనమే. చాలాసార్లు కూలి లేకుండా, వెట్టిగా. రాసినవాడు మోసే భుజాన్ని చూశాడు. అదే భుజం మీద ఇంకో బరువు కూడా ఉంటుందని, అది డోలీ అని, అతనికి రాయాలనిపించలేదు.

డోలీ గురించి మన పిల్లలకి చెప్పనక్కరలేదు. రోడ్డు లేని ఊళ్లలో ఇవాళ కూడా గర్భిణుల్ని, జ్వరంతో ఉన్నవాళ్లని దుప్పటిలో పడుకోబెట్టి, కర్రకి కట్టి మోసుకొస్తున్నారు. పేపర్లో ఫొటో వస్తుంది, కింద ‘డోలీ కష్టాలు’ అని రాస్తారు. ఆ ఫొటోలో నేను చూసేది వేరు. ముందొకడు, వెనకొకడు మోస్తుంటారు. పక్కన ఇద్దరు ముగ్గురు ఖాళీ చేతులతో నడుస్తుంటారు. పట్నం మనిషికి వాళ్లు ఊరికే వస్తున్నట్టు కనిపిస్తారు. వాళ్లు లేకపోతే డోలీ మైలు దూరం కూడా సాగదు. ఒక భుజం అలిసేసరికి ఇంకో భుజం సిద్ధంగా ఉండాలి. ఖాళీగా నడవడం కూడా మోతలో భాగమే. ఊపిరి తీసుకోవడానికి, నీళ్లు తాగడానికి, తన వంతు వచ్చేదాకా బలం దాచుకోవడానికి అతనికి హక్కుంది. ఆ హక్కుని ఊళ్లో ఎవరూ తప్పుపట్టరు.

అయితే ఇంటివాళ్ల కోసం నిలబడటాన్ని మనం గొప్పగా చెప్పుకునే ముందు గొత్తి సంగతి గుర్తు తెచ్చుకోవాలి. తండ్రి అప్పు చేస్తాడు. పెళ్లికో, చావు ఖర్చుకో, పులుసు తప్పుకో. తీర్చలేకపోతే కొడుకు షావుకారు ఇంట్లోనో పొలంలోనో పనికి కుదురుతాడు. వడ్డీ పెరుగుతుంది గాని అసలు తరగదు. కొడుకు పెద్దవాడవుతాడు, తన పెళ్లికి మళ్లీ అప్పు చేస్తాడు. వాణ్ని పట్టి ఉంచడానికి సంకెళ్లు అవసరం లేదు. అయ్య పరువు పోతుందన్న ఒక్క మాట చాలు. అంటే మనలో ఉన్న మంచి గుణాన్నే పగ్గంగా వాడుకున్నారు. వడ్డీకీ, గిరిజనేతరులకు భూమి బదలాయింపుకీ హద్దు పెడుతూ 1917లో ఏజెన్సీకి ఒక చట్టం వచ్చింది. ఈ అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లో రెగ్యులేషన్ తెచ్చింది. దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఒకే జబ్బుకి ఇన్నిసార్లు మందు రాశారంటే అది ఎంత లోతుకి పోయిందో తెలుస్తుంది. గొత్తికి పోయిన కొడుకులు కుటుంబం కోసం నిలబడ్డవాళ్లే. తమ కోసం నిలబడే వీలు వాళ్లకి ఎవరూ మిగల్చలేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులని మా క్లాసులో చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇక 1922. అల్లూరి సీతారామరాజు దళం ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడిన కథ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. వెనకున్న కారణాల్లో పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనికి జనాన్ని తోలుకుపోయి కూలి సరిగా ఇవ్వకపోవడం ఉన్నాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు అందుకే ఇంకా తిట్టుగా మిగిలింది. నేను చెప్పదలచుకున్నది గాం సోదరుల గురించి. గంటందొర, మల్లుదొర ఇద్దరూ ఆ పోరాటంలో ఉన్నారు. మల్లుదొర 1923లో పట్టుబడ్డాడు. సీతారామరాజుని 1924 మే 7న కాల్చి చంపారు. ఆ తరువాత నెల గంటందొర కూడా కాల్పుల్లో పోయాడు. మల్లుదొరకి పడిన శిక్ష అండమాన్‌కి తీసుకుపోయింది. ఒక ఇంట్లో ఒకరు నేలలో, ఒకరు సముద్రానికి అవతల. ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్లు, పిల్లలు పోలీసు బలగాల మధ్య ఆ ఏళ్లు ఎలా గడిపారో ఏ రిపోర్టులోనూ విడిగా కనిపించదు.

మల్లుదొర తిరిగి వచ్చాడు. 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచాడు. అప్పుడది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, రెండో సభ్యుడు లంకా సుందరం. పార్లమెంటులో ఏం మాట్లాడాడన్నది వేరే వ్యాసం సంగతి. నన్ను ఆపేది ఇంకొకటి. అన్నదమ్ముణ్ణి పోగొట్టుకుని, జైల్లో ఏళ్లు పోగొట్టుకుని వచ్చిన మనిషి మళ్లీ జనం ముందు నిలబడి ఓటు అడిగాడు. నా పని అయిపోయిందని ఊరి అరుగు మీద కూర్చున్నా అతన్ని ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఇక్కడే ఇంకో తేదీ ఉంది. మల్లుదొర పట్టుబడ్డ 1923లోనే, జూలై నెలలో, విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలైంది. అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి పానగల్ రాజా ప్రారంభించాడు. వైద్య కళాశాల కూడా ఆ ఏడాదిదే. కింద మైదానంలో పెద్దాసుపత్రి తలుపులు తెరుస్తుంటే పైన కొండల్లో పోలీసులు ఊళ్లు గాలిస్తున్నారు. పట్నం అధికారులు మన్యపు జ్వరం పేరు చెబితే వణికేవారు. ఆ జ్వరంతోనే పుట్టి పెరిగిన మనకి ఆసుపత్రి దారి మాత్రం చాలాకాలం తెలియలేదు.

దారి ఎలా ఏర్పడిందంటే, చాలావరకు సరుకు వెంట ఏర్పడింది. 1933లో హార్బరు తెరుచుకుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమై జైపూర్ అటు పోయింది, చుట్టాలు గీతకి అటూ ఇటూ అయ్యారు. అయినా జబ్బు చేస్తే అటువాళ్లూ ఇప్పటికీ ఈ ఆసుపత్రికే వస్తారు. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్నం కేంద్రంగా పుట్టింది. మన చింతపండుకి, తేనెకి ఒక ధర పలకాలని, డి.ఆర్. డిపోలో బియ్యం, ఉప్పు, కిరోసిన్ దొరకాలని. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజం జపాను ఓడలకి అందించడానికి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి రైలు మార్గం వేశారు. రాయి కోసం వేసిన ఆ దారిలోనే పాసింజరు బండి కూడా నడిచింది. అరకు నుంచి, బొర్రా నుంచి రోగులు, తోడు వచ్చేవాళ్లు, చదువుకి పోయే పిల్లలు ఎక్కారు. మన కోసం వేయని దారిని మనం వాడుకున్నాం. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. జిల్లా వేరైంది గాని పెద్ద జబ్బు చేస్తే వైజాగ్ దారి పట్టక తప్పడం లేదు.

పూర్ణా మార్కెట్‌లో తోడు వచ్చినవాళ్ల లెక్కలు వినాలి. ఒక పెద్దామె చింతపండు ధర అడిగి, చెప్పింది విని, పక్కనున్న కూతురితో తమ భాషలో ఏదో అని పగలబడి నవ్వడం నేను చూశాను. ఏమన్నారమ్మా అని అడిగితే, “మా చెట్టు కాయే బాబూ, నేనిచ్చినప్పుడు ఇంత లేదు” అంది. పావు కిలో కొనుక్కుని పోయింది. లోపల ఉన్న మనవడికి చారు కావాలట.

నేను పదో తరగతిలో ఉండగా అయ్యని పట్నం తీసుకెళ్లాం. అమ్మ చంటిబిడ్డతో ఇంటి దగ్గర ఉండిపోయింది. పెద్దకొడుకుని కనుక నేను వెళ్లాను. పంతొమ్మిది రోజులు ఉన్నాను. మందుల చీటీ చదవగలిగేది నేనొక్కణ్ణే. పగలు అయ్య దగ్గర, రాత్రి వరండాలో. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కి దిగి ఆ రోజుకి సరిపడా కొనుక్కునేవాణ్ని. పరీక్షలు దగ్గర పడ్డాయని తెలుసు. ఆ మాట నోట్లోంచి వస్తే పాపమనిపించేది. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. బడి మానింది ఎవరో బలవంతం చేసి కాదు, ఆ మాట అనలేక.

ఇరవయ్యో రోజు చిన్నాన్న వచ్చాడు. అది పసుపు ఉడకబెట్టే కాలం. పని సగంలో వదిలేసి, భుజం మీద బియ్యం మూటతో వచ్చాడు. అయ్యని చూసి, బయటకొచ్చి, “నువ్వు బండెక్కరా. ఇక నాది” అన్నాడు. నేను అయ్య ముఖం చూశాను. అయ్య ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం ఊపాడు. రైల్లో దారంతా ఏడ్చాను. తప్పించుకుని పోతున్నానని అనిపించింది. పరీక్షలు రాశాను, మూడో వారానికి అయ్య నడిచి ఇంటికొచ్చాడు. చిన్నాన్న పసుపు ఆ ఏడాది ఆలస్యంగా ఆరి, తక్కువ ధరకి పోయింది. ఎంత తక్కువకో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. పిన్ని ఒకసారి కోపంలో చెప్పింది.

డోలీ పక్కన ఖాళీగా నడిచేవాడి సంగతి నాకు అర్థమైంది చాలా తరువాత. ఉద్యోగం వచ్చాక, చిన్నాన్న కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టి తోడు వెళ్లినప్పుడు. అదే బజారులో బకెట్ కొన్నాను. పాతిక రూపాయలకి దొరికిన బకెట్ ఇప్పుడు నూట ఇరవై అని బేరం ఆడుతుంటే చిన్నాన్న, “ఇచ్చేయరా, మేష్టరువి” అని నవ్వాడు.

తోటి ఉపాధ్యాయులకి ఒక మాట. మా ఆశ్రమ పాఠశాలలో, కోతల కాలంలో కాదు, మామూలు రోజుల్లో పది రోజులు, పదిహేను రోజులు కనిపించని పిల్లల్ని నేను కొన్నేళ్లుగా అడుగుతున్నాను. చాలామంది ఎవరో ఒకరికి తోడు పోయినవాళ్లే. ఆడపిల్లలు ఎక్కువ. అక్క కాన్పుకి, అమ్మమ్మ జ్వరానికి, వండిపెట్టడానికి. తిరిగొచ్చాక మనం మొదట అడిగేది “ఇన్నాళ్లు ఎక్కడ చచ్చావు” అని. నేనూ అడిగాను. ఆ పిల్లకి మనం చేయగలిగింది చాలా చిన్నది. మీ ఇంట్లో ఇంకెవరున్నారు, తరువాతి వంతు ఎవరిది అని అడగడం. ఒక్కోసారి వాళ్లింట్లో ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ వేసి ఉండరు. మేనమామకో, పెద్దమ్మకో ఫోను చేస్తే సగంసార్లు వాళ్లు కదిలి వస్తారు. మిగతా సగంసార్లు ఎవరూ రారు. అప్పుడు నోట్సు రాయించి పంపడం తప్ప నా దగ్గర ఉపాయం లేదు.

నేను చదివిన బడిలోనే ఇప్పుడు పనిచేస్తున్నాను. పాత బీరువా సర్దుతుంటే మా పదో తరగతి హాజరు పట్టీ దొరికింది. ఆ నెలలో నా పేరుకి ఎదురుగా, సెలవు రోజులు పోను, వరసగా ‘గై’ అని ఎర్ర సిరాతో ఉంది. నేను ఏ రోజూ తప్పకుండా ఒకచోట హాజరైన రోజులవి.

ఈ ఏడాది నుంచి నా పట్టీలో అలాంటి పిల్లల పేరు పక్కన పెన్సిలుతో చిన్నగా రాస్తున్నాను. ‘అమ్మతో, వైజాగ్.’ ‘అక్క కాన్పు, పాడేరు.’ నిబంధనల్లో అలాంటి గడి లేదు. తనిఖీకి వచ్చినవారు అడిగితే కూర్చోబెట్టి చెబుతాను.