హూవరు అన్నదానము

అమెరికా అధ్యక్షుఁడైన హెర్బర్టు హూవరు 1928 వఱకుఁ బ్రజలచే నెన్నుకొనఁబడిన యే పదవియందును లేఁడు. 1874లో అయోవా రాష్ట్రమున క్వేకరు కుటుంబమునఁ బుట్టి, బాల్యముననే తల్లిదండ్రులఁ గోల్పోయి, గనుల యింజనీరై ఆస్ట్రేలియా, చీనా దేశములలో విత్తమార్జించినవాఁడు.

1914 ఆగష్టున యుద్ధ మారంభమగునప్పటి కాతఁడు లండనునం దుండెను. బెల్జియము తన యాహారమున నధికభాగమును విదేశములనుండి తెప్పించుకొను దేశము. దానిని జర్మనులాక్రమించిరి, ఆంగ్లేయులు సముద్రమార్గమును బంధించిరి. ఆక్రమించినవారే పోషింపవలెనని వీరును, దారి మూసినవారే బాధ్యులని వారును వాదించుచుండఁగా, నడుమ నాఁకటఁ బడినది ప్రజ. హూవరు నేర్పెల్ల నిచ్చటఁ గానవచ్చును. ఆ యక్టోబరున నేర్పడిన సహాయసంఘమునకు నాయకుఁడై, ధాన్యము జర్మను సేనలకుఁ జేరదని యొక పక్షమును, ఓడలను ముంపవలదని రెండవ పక్షమును ఒప్పించుటకై పలుమాఱులు ఇరు రాజధానులకుఁ దిరిగెను. సంఘమునకు వేఱు జెండాయే కలదు. ఉత్తర ఫ్రాన్సుతోఁ గూడఁ దొంబదిలక్షలకుఁ బైఁబడిన జనులకు దానివలన నన్నము చేరెను. హూవరు జీతము పుచ్చుకొనలేదు.

అయినను దీనిని కర్ణుని దానముతోఁ బోల్చుట తగదు. ధనములో హెచ్చుభాగము బ్రిటిషు, ఫ్రెంచి, అమెరికా ప్రభుత్వములదే, చందాలు స్వల్పము. ఆయన యిచ్చినది ప్రధానముగాఁ దన కాలమును, లెక్కల నేర్పును. దాత యనుటకంటె భాండాగారాధిపతి యనుట యొప్పునేమో.

1921లో రష్యాయందుఁ గఱవు వచ్చెను. బోల్షెవిక్కు లన్న హూవరునకు గిట్టదు. ఐనను గోర్కీ విన్నపముపై రీగానగరమున నొడంబడిక చేసికొని, శాసనసభచే రెండుకోట్ల డాలర్లు మంజూరు చేయించెను. 1922 వేసవిలో దినమునకుఁ గోటిమందికిఁ బైగా భుజించిరి.

1927లో మిసిసిపీ వరదల సహాయమును నడపెను. ఆ శిబిరములలో నల్లజాతివారిచే బలవంతముగాఁ బని చేయించిరను మచ్చ యుండఁగనే యాయన పేరు దేశమున మాఱుమ్రోగెను. మఱుసటి యేఁట నియోజకుల యోట్లు 444 పొంది గెలిచెను. ప్రతిపక్షికి వచ్చినవి 87.

ఇట్టివాఁడు 1930 నాఁటి యనావృష్టిలో విత్తనములకును పశువుల మేఁతకును ప్రభుత్వపు టప్పుల కంగీకరించి, మనుష్యుల తిండికి మాత్ర మంగీకరింపఁడయ్యెను. అది రెడ్ క్రాసు చందాలతో జరుగవలెనట! కొంద ఱిది హృదయకాఠిన్య మనిరి. నా కట్లు తోఁపదు. ఇరుగుపొరుగువారి స్వచ్ఛందసహాయమే ధర్మమని యాయన మనసార నమ్మెను. కాని బెల్జియమునఁ బొయ్యి వెలిఁగినది ప్రభుత్వధనముతోనే. రష్యాకై ప్రభుత్వమును యాచించినదియుఁ దానే. ఈ విరోధమున కాయన సమాధానమేదియుఁ దృప్తికరము గాదు. 1932లో ఆయనకు వచ్చిన నియోజకుల యోట్లు 59.