నాలుగుసార్లు లెక్కకెక్కిన దూది

1982 సెప్టెంబరులో చైనా కమ్యూనిస్టు పార్టీ 12వ మహాసభలో పార్టీ అగ్రనేత హూ యావోబాంగ్ ఒక లక్ష్యం ప్రకటించాడు. 1980లో 71,000 కోట్ల యువాన్లున్న పరిశ్రమల, వ్యవసాయ స్థూల ఉత్పత్తి విలువ 2000 నాటికి నాలుగింతలై 2,80,000 కోట్లకు చేరాలి. ఆ 'స్థూల' వేరు, ఇవాళ జీడీపీలో చదివే 'స్థూల' వేరు. వాణిజ్య ఇంగ్లీషు నేర్చుకునే చైనా కుర్రాళ్లకు మాత్రం రెండుచోట్లా 'గ్రాస్' అనే కనబడుతుంది. తీసివేతలకు ముందున్న మొత్తం అని బట్టీపడితే చాలదు, ఏం తియ్యకుండా వదిలారో అడగాలి.

పది యువాన్ల దూదితో ఒక మిల్లు పదిహేను యువాన్ల నూలు తీసిందనుకుందాం. నేత మిల్లు దాన్ని పాతిక యువాన్ల బట్ట చేసింది. దాన్ని కొన్న కుట్టు ఫ్యాక్టరీ చొక్కాను నలభైకి అమ్మింది. పాత పద్ధతిలో ఈ నాలుగూ కూడి 90 అనేవారు. చేతికొచ్చిందేమో నలభై యువాన్ల చొక్కా! పైగా ఈ లెక్క ఫ్యాక్టరీవారీగా కట్టేవారు. నూలు, బట్ట ఒకే మిల్లులో తయారైతే నూలు విడిగా లెక్కకు రాదు, మొత్తం 75కి తగ్గుతుంది. అదే మిల్లును రెండు సంస్థలుగా చీల్చారా, ఒక్క గజం ఎక్కువ నెయ్యకుండానే దేశం ఉత్పత్తి మళ్లీ 90.

ఈ పద్ధతి 1950లలో సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. ముడిసరుకు ఖర్చు తీసేసి కట్టే 'జాతీయాదాయం' కూడా ఇందులో ఉండేది కానీ, దాంట్లో వస్తువులకే చోటు. సరుకు మోసే రైలు ఉత్పత్తి కిందికి వస్తుంది, మనుషుల్ని మోసే రైలు రాదు. టీచరు, డాక్టరు, మంగలి ఎవరూ లేరు. సేవల్ని ఇలా వదిలేసిన నేరమంతా మార్క్స్ మీదకు నెట్టడం న్యాయం కాదు. ఇంటి నౌకరు శ్రమను ఉత్పాదకం కాదని 1776లోనే ఆడమ్ స్మిత్ పక్కన పెట్టాడు.

అమెరికాలో కథ వేరు. 1934లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ జాతీయాదాయంపై తయారుచేసిన నివేదిక సెనేట్‌కు చేరింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక స్థూల లెక్కకు గిరాకీ పెరిగింది. ఈ ఏడు ఎంత ఆయుధ సామగ్రి తయారుచెయ్యగలమన్నదే అప్పటి తొందర, యంత్రాల అరుగుదల సంగతి తర్వాత చూసుకోవచ్చు. జీడీపీలో తియ్యకుండా వదిలేది ఆ తరుగుదలనే. మన చొక్కా విలువ నలభై దగ్గర ఆగుతుంది. కుట్టుమిషన్ల అరుగుదల రెండు యువాన్లనుకుంటే నికరం 38.

చైనా 1980లో ప్రపంచ బ్యాంకులో తన స్థానం తిరిగి తీసుకుంది, 1985లో జీడీపీ కట్టడం మొదలుపెట్టింది, 1993లో సోవియట్ తరహా జాతీయాదాయానికి స్వస్తి చెప్పింది. పెంచి చూపే సరదా మాత్రం పోలేదు. ప్రావిన్సుల జీడీపీలన్నీ కూడితే ఏళ్ల తరబడి దేశం జీడీపీని మించిపోయేవి. చివరికి 2019 లెక్కల నుంచి ఆ పనిని ప్రావిన్సుల చేతుల్లోంచి తీసుకుని జాతీయ గణాంక సంస్థే చూసుకుంటోంది.