గడువున్న దిగులు

పురిటి ఆచారాలను కాస్త నిదానించి చూస్తే, అవన్నీ గడువుల చుట్టూ అల్లుకొన్నట్లు కనబడుతుంది. పదకొండవ రోజున పురుడు, ఇరవై ఒకటవ రోజున బారసాల, అటు తరువాత నెల నిండటం. పసికందు నిలుస్తుందో లేదో తెలియని కాలంలో, భయాన్ని రోజులుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టు దాటించడానికి పెద్దలు చేసుకొన్న ఏర్పాటు ఇదని నాకనిపిస్తుంది.

ఇప్పుడా రోజుల మధ్యకు మరొక గడువు వచ్చి చేరింది. బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులకు మడమ మీద సూదితో పొడిచి, నాలుగైదు రక్తపు చుక్కలు ఒక మందపాటి కాగితం మీద అద్దుకొంటారు. ఆ కాగితం ప్రయోగశాలకు పోతుంది. జవాబు వచ్చేవరకు ఇంటిల్లిపాదీ ఎదురుచూడాలి. ఈ ఎదురుచూపుకు ఒక చరిత్ర ఉంది. అది తెలిస్తే దిగులు పోదు గాని, దాని అర్థం మారుతుంది. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

కథ నార్వేలో మొదలవుతుంది. బోర్గ్నీ ఎగెలాండ్ అనే తల్లికి ఇద్దరు పిల్లలు. పుట్టినప్పుడు ఇద్దరూ అందరి పిల్లల్లాగే ఉన్నారు. నెలలు గడిచేకొద్దీ బుద్ధి వికసించలేదు. వారి ఒంటి నుండి, మూత్రం నుండి ఒక వింత వాసన వచ్చేది. ఆమె ఎందరో వైద్యులను అడిగింది, ఏళ్ళ తరబడి అడిగింది. ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరకు 1934లో, రసాయన శాస్త్రం కూడా చదువుకొన్న ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆ పిల్లల మూత్రంలో ఫెరిక్ క్లోరైడ్ కలిపి చూశాడు. మామూలుగా రావలసిన రంగు రాలేదు, ఆకుపచ్చ రంగు వచ్చింది. మందుల ప్రభావమేమోనని వారం రోజులు మందులన్నీ మాన్పించి మళ్ళీ చూశాడు. మళ్ళీ ఆకుపచ్చే. శరీరం ఫినైల్ అలనీన్ అనే ఆమ్లాన్ని అరిగించుకోలేకపోవడమే మూలమని తేలింది. తరువాత ఆశ్రమాలలో ఉన్న 430 మందిని పరీక్షిస్తే మరో ఎనిమిది మందిలో అదే లోపం కనబడింది. నేడు మనం ఫినైల్‌కీటోన్యూరియా అంటున్న జబ్బు ఇదే.

తల్లికి జవాబు దొరికింది. కాని ఆ జవాబుతో చేయగలిగినది ఏమీ లేకపోయింది. పిల్లల మెదడుకు జరిగిన నష్టం అప్పటికే జరిగిపోయింది.

రెండవ ఘట్టం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో. 1951లో అక్కడి పిల్లల ఆసుపత్రిలో హార్స్ట్ బికెల్ అనే యువ వైద్యుడు రెండేళ్ళు నిండని షీలా అనే పాపకు ఈ జబ్బు ఉన్నదని కనుగొన్నాడు. పాప కూర్చోలేదు, నిలబడలేదు, చుట్టూ ఉన్న లోకాన్ని పట్టించుకోదు. జబ్బు పేరు చెప్పగానే తల్లి సంతృప్తి పడలేదు. ప్రతి ఉదయం ప్రయోగశాల గుమ్మం ముందు నిలబడి, మందు ఎప్పుడు కనుక్కొంటారని అడిగేది. ఆ పోరు పడలేకనే బికెల్, అతని సహచరులు ఎవిలిన్ హిక్‌మన్స్, జాన్ జెరార్డ్ కలిసి ఫినైల్ అలనీన్ చాలావరకు తీసేసిన ఆహారం ఒకటి తయారు చేశారు. కొన్ని నెలలలో పాప పాకింది, లేచి నిలబడింది, కళ్ళలో వెలుగు వచ్చింది. ఇది నిజంగా ఆహారం మహిమేనా అని తేల్చుకోవడానికి తల్లికి చెప్పకుండా ఆ ఆమ్లాన్ని తిరిగి కలిపారు. పాప మళ్ళీ దిగజారింది. తల్లికి చెప్పకుండా చేసిన ఆ పనిని నేటి వైద్యనీతి ఒప్పుకోదు. ఏమైనా 1953లో ప్రకటించిన ఆ ఫలితం ఒక సత్యాన్ని స్థాపించింది. ఈ జబ్బుకు చికిత్స ఉంది. కాని పుట్టిన కొద్ది రోజులలోనే మొదలుపెట్టాలి, షీలా విషయంలో అది సాధ్యపడలేదు.

అంటే జబ్బు లక్షణాలు కనబడకముందే దానిని పట్టుకోవాలి. మూత్ర పరీక్ష ఇందుకు పనికిరాలేదు, ఎందుకంటే మూత్రంలో ఆ గుర్తు తేలడానికి వారాలు పడుతుంది. ఈ చిక్కుముడిని విప్పినవాడు అమెరికాలో బఫలో నగరానికి చెందిన రాబర్ట్ గత్రీ. ఆయన మొదట కాన్సర్ పరిశోధకుడు. ఆయన కొడుకు బుద్ధిమాంద్యంతో పుట్టాడు. భార్య అక్కచెల్లెళ్ళలో ఒకరి కూతురికి 1958లో, పదిహేను నెలల వయసులో ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నదని తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

గత్రీ ఉపాయం చూడముచ్చటైనది. ఒక రకం సూక్ష్మజీవులను పళ్ళెంలో పెంచుతూ, వాటి పెరుగుదలను ఆపే పదార్థాన్ని ముందే కలిపి ఉంచాడు. శిశువు రక్తం అద్దిన కాగితపు బిళ్ళను ఆ పళ్ళెంలో పెడితే, రక్తంలో ఫినైల్ అలనీన్ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ నిరోధం వీగిపోయి బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవులు వలయంలా పెరుగుతాయి. అంతకంటే గొప్ప సంగతి ఆ కాగితం. ఆరిన రక్తపు చుక్కను కవరులో పెట్టి టపాలో పంపవచ్చు. మారుమూల ఊళ్ళో పుట్టిన బిడ్డ రక్తం కూడా నగరంలోని ప్రయోగశాలకు చేరుతుంది. ప్రయోగదశలో 29 రాష్ట్రాలలో నాలుగు లక్షలకు పైగా శిశువులను పరీక్షిస్తే 39 మందిలో జబ్బు బయటపడింది. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రం దీనిని చట్టం చేసింది. 1970లలో కెనడాలోని క్యుబెక్‌లో ఝాన్ ద్యుసో అదే కాగితపు చుక్కతో పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్ని కూడా పట్టుకోవచ్చని చూపించాడు.

మన దగ్గర హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులలో 18,300 మంది శిశువులను పరీక్షించిన వివరాలను రాధారమాదేవి, నౌషాద్ 2004లో ప్రకటించారు. థైరాయిడ్ లోపం సుమారు 1,700 మందిలో ఒకరికి ఉన్నదని వారి లెక్క.

ఆ లెక్క నాకు కంఠస్థం కావడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ క్రితం మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఆరవ రోజున ఫోను వచ్చింది. థైరాయిడ్ అంకె ఎక్కువగా ఉంది, మళ్ళీ రక్తం ఇవ్వాలి. అంతకు మించి వివరం చెప్పలేదు. రెండవ ఫలితానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ చెల్లెలు బిడ్డను ఎత్తుకోవడం కంటే పరిశీలించడమే ఎక్కువగా చేసింది. ఎక్కువగా నిద్రపోతోందా? ఒళ్ళు పచ్చబడిందా? పుస్తకాలలో రాసిన లక్షణాలలో ఒకటో రెండో ప్రతి పసికందులోనూ ఉంటాయి. అమ్మ మాత్రం ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, తన వంతు అయిపోయినట్లు నిశ్చింతగా పత్యం వండింది.

"అన్నయ్యా, దీని ఏడుపు బొంగురుగా ఉందంటావా?" అని అడిగింది చెల్లెలు రెండవ రాత్రి.

"నాకు తెలియదమ్మా. విని చెప్పగలిగే జబ్బే అయితే ఈ పరీక్షే అక్కరలేదు. నీ చూపుకు అందదనేగా ఆ కాగితం పుట్టింది. వెతకడం దానికి వదిలేసి నువ్వు పాలు ఇవ్వు" అన్నాను.

ఆ మాట నాది కాదు, చరిత్ర నేర్పినది. ఎగెలాండ్ పిల్లలను కన్నతల్లి కూడా మొదటి నెలలలో పోల్చుకోలేకపోయింది. కంటితో చేయలేని పనిని కంటికి అప్పగించి తల్లులు తమను తాము శిక్షించుకొంటారు.

రెండవ ఫలితం లోపం ఉన్నదనే చెప్పింది. పదకొండవ రోజున, పురుడు నాడే, మాత్రను పొడిచేసి చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టారు. ఆ పిల్ల ఇప్పుడు బడిలో ఎక్కాలు అప్పజెబుతోంది.

అందరి కథా ఇలా సాగదు. రెండవసారి రక్తం అడిగిన ఇళ్ళలో ఎక్కువమందికి చివరకు ఏ జబ్బూ ఉండదు. పుట్టిన మొదటి రోజున ప్రతి బిడ్డలోనూ థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను ఉప్పెనలా పెరిగి, తరువాత తగ్గుతుంది. తొందరపడి రక్తం తీస్తే అంకె ఎక్కువగా కనబడడం సహజం. కీడెంచి మేలెంచమన్న సామెతకు ఈ పరీక్ష ఒక రూపం. ఒక్కరిని తప్పిపోనీయకుండా ఉండటానికి పదిమందిని అనుమానిస్తుంది.

ఆ అనుమానానికి మూల్యం ఉందని వైద్యులూ త్వరలోనే గుర్తించారు. ప్రాణగండం తప్పిన పిల్లలను తల్లిదండ్రులు ఆ తరువాత కూడా గాజుబొమ్మల్లా చూస్తారని 1964లో గ్రీన్, సోల్‌నిట్ రాశారు. 1968లో రోథెన్‌బర్గ్, సిల్స్ ఈ పరీక్ష కలిగించే ఆందోళనకే ఒక వ్యాధి పేరు పెట్టారు. పొరపాటు హెచ్చరిక అందుకొన్న తల్లులలో ఒత్తిడి ఎక్కువని 2003లో సూసన్ వైస్‌బ్రెన్ బృందం చూపింది. 2006లో వచ్చిన మరో అధ్యయనం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. మళ్ళీ రక్తం ఎందుకు అడిగారో సరిగ్గా తెలిసిన తల్లులకు ఒత్తిడి తక్కువగా ఉందట.

కనుక మీ ఇంటికో, మీ ఆత్మీయుల ఇంటికో అటువంటి ఫోను వస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ జబ్బు అనుమానం? మొదటి రక్తం పుట్టిన ఎన్ని గంటలకు తీశారు? రెండవ జవాబు ఏ రోజున వస్తుంది? నిజమే అయితే చికిత్స ఎప్పుడు మొదలవుతుంది? మూడవ ప్రశ్నకు జవాబును గోడ మీది క్యాలెండరులో రాసుకోండి. బోర్గ్నీ ఎగెలాండ్ దిగులుకు అటువంటి తేదీ ఒక్కటి లేకపోయింది. ఆమె ఏళ్ళ తరబడి మోసినదానిని నేడు కొన్ని రోజులకు కుదించి, ప్రతి తల్లికీ కొద్దికొద్దిగా పంచారు. పంపకం బరువైనదే. కాని దానికి గడువు ఉంది, ఆ గడువు అవతల చేయదగిన పని ఉంది.