సముద్రముపై ఆపత్సంకేతములు: శ్రవణధర్మ పరిణామము

నడిసంద్రమున ఆపదపాలైన నౌక వెలువరించు పిలుపునకు నియతములైన రేడియో పౌనఃపున్యములను గూర్చి వ్రాసినవారు సాధారణముగా ప్రేషకయంత్రముల శక్తిని, వాని పరిధిని, సంకేతముల కూర్పును విస్తరించి చెప్పుదురు. ఆ పిలుపును వినుటకు ఎవరు, ఏ వేళ, ఏ శాసనమునకు బద్ధులై కూర్చుండిరన్న ప్రశ్న వెనుకబడిపోవుచుండును. ఈ విషయమున గత నూరేండ్లుగా కలిగిన ముఖ్యపరిణామములు పెక్కింటికి ఈ ప్రశ్నయే మూలమని నా అభిప్రాయము.

1906లో బెర్లిను నగరమున సమావేశమైన అంతర్జాతీయ సభ ఓడల వార్తలకు 300 మీటర్లు, 600 మీటర్లు అను రెండు తరంగదైర్ఘ్యములను ఏర్పరచి, మూడు చుక్కలు, మూడు గీతలు, మరల మూడు చుక్కలు గల ఎస్.ఓ.ఎస్. సంకేతమును ఆపద్వేళకు నిర్ణయించెను. ఆ ఒడంబడిక 1908 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. 600 మీటర్ల తరంగమే నేటి లెక్కలో 500 కిలోహెర్ట్జులు. దానికి సముద్రముతో సహజమైన పొత్తు కలదు. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకమగుటచేత ఆ తరంగము నీటి ఉపరితలమును అంటిపెట్టుకొని, భూగోళపు వంపును అనుసరించుచు పట్టపగలే వందల మైళ్లు సాగును. రాత్రివేళ అయనావరణమున పరావర్తనము చెంది ఇంకను దూరము పోవును.

ఇంతటి తరంగము చేతనుండియు వినువాడు లేకున్న ఏమగునో 1912 ఏప్రిల్ 14 రాత్రి లోకమునకు తెలిసివచ్చినది. టైటానిక్ నౌకకు చేరువలో మంచుగడ్డల నడుమ నిలిచిపోయిన కాలిఫోర్నియన్ అను ఓడలో సిరిల్ ఎవాన్స్ అను యువకుడొక్కడే వైర్‌లెస్ ఆపరేటరు. రాత్రి 11 గంటల ప్రాంతమున అతడు మంచును గూర్చి టైటానిక్‌ను హెచ్చరింపబోగా, కేప్ రేస్ తీరకేంద్రమునకు ప్రయాణికుల తంతివార్తలు పంపుచున్న ఆ నౌక ఆపరేటరు జాక్ ఫిలిప్స్ తన పనికి అడ్డురావలదని అతనిని వారించెను. ఎవాన్స్ మరికొంతసేపు విని, ఇంచుమించు 11.30కి యంత్రమునాపి పండుకొనెను. 11.40కి టైటానిక్ మంచుకొండను తాకినది. ఎవాన్స్‌ను నిందించుట న్యాయముగాదు. పగలంతయు పనిచేసిన ఏకైక ఆపరేటరు రాత్రియెల్ల మేల్కొని వినవలెనని శాసించు చట్టమేదియు నాడు లేదు. 58 మైళ్ల దూరమున కార్పేథియా నౌకలో ఆపరేటరు హరాల్డ్ కాటమ్ నిద్రకు ఉపక్రమించుచు బట్టలు మార్చుకొను వేళ శ్రవణయంత్రమును ఇంకను చెవులనుండి తీయకుండుటచేతనే టైటానిక్ ఆపత్పిలుపు వినబడినది. తెల్లవారుజామున 4 గంటలకు చేరుకొన్న ఆ నౌక రక్షించినవారు ఏడువందలకు పైబడినవారు. ఒక మనుష్యుని ఆలస్యపు నిద్రపై అన్ని ప్రాణములు ఆధారపడవలసిన స్థితిని సభ్యజగత్తు సహింపలేకపోయెను. అదే సంవత్సరము అమెరికా చట్టమును, 1914లో లండనునందు సంతకములు జరిగిన సముద్ర ప్రాణరక్షణ ఒడంబడికయును నిరంతర శ్రవణమును విధ్యుక్తధర్మము గావించినవి.

కాని వినువాడు సిద్ధముగా నున్నను, అందరును ఏకకాలమున మాటలాడుచుండిన తరంగమున బలహీనమైన ఆర్తనాదము వినబడదు. ఇందులకై ఏర్పడినదే మౌనకాలనియమము. ఓడల రేడియో గదులలో గోడకు తగిలించిన గడియారమును చూచినవారికి దీని స్వరూపము తెలియును. ముఖఫలకముపై 15వ నిమిషము మొదలు 18 వరకును, 45 మొదలు 48 వరకును ఎర్రరంగు పట్టీలు. గంట మొదటి మూడు నిమిషములకును, 30 నుండి 33 వరకును ఆకుపచ్చ పట్టీలు. సెకనులముల్లు ఉండుట తప్పనిసరియై యుండెను. పెద్దముల్లు ఎర్రపట్టీలో ప్రవేశించినంతనే ప్రపంచమందలి ప్రతి నౌకయు, ప్రతి తీరకేంద్రమును 500 కిలోహెర్ట్జులపై తమ వార్తను ఎంత తొందరదైనను ఆపివేసి చెవియొగ్గవలసియుండెను. ఆకుపచ్చ పట్టీ 2182 కిలోహెర్ట్జులకు, అనగా మాటలతో పలుకు రేడియో టెలిఫోను తరంగమునకు, వర్తించెడిది. వ్యాపారనౌకయు, యుద్ధనౌకయు, పరస్పర శత్రుదేశముల ఓడలును గంటకు రెండు మారులు మూడేసి నిమిషములు మౌనము వహించుటకు అంగీకరించిన ఈ నియమము కంటె ఉదాత్తమైనది సముద్రశాసనమున నాకు కనబడదు.

మనుష్యుడు నిద్రించువేళ యంత్రము వినవలెనను యోచనయు ఇటులే పుట్టినది. నాలుగేసి సెకనుల నిడివిగల పండ్రెండు గీతలను, ఒక్కొక్క సెకను ఎడముతో, ఒక నిమిషముపాటు పంపినయెడల, అవతలి ఓడలోని స్వయంచాలక గ్రాహకము వానిలో కొన్నింటిని వరుసగా గుర్తించి రేడియో గదిలోను, ఆపరేటరు పడకగదిలోను, ఓడ నడుపు వేదికపైనను గంటలు మ్రోగించెడిది. ఉరుములవలన పుట్టు గరగరధ్వని అట్టి క్రమమును అనుకరింపజాలదు గావుననే ఆ కూర్పు.

ఆపద్వేళ మాటలతో పిలుచుటకు నియతమైన 156.8 మెగాహెర్ట్జుల పదహారవ ఛానెలు కథ వేరు. దాని తరంగము రెండు మీటర్లకు లోపుగా నుండుటచే ఏరియల్ చిన్నదగును, ధ్వని స్పష్టముగా నుండును. కాని అది ఇంచుమించు దృష్టిరేఖలోనే పయనించును. నాలుగేసి మీటర్ల ఎత్తున ఏరియల్ గల రెండు మరపడవలు ఒండొంటిని వినగల దూరము లెక్కప్రకారము సుమారు 16 కిలోమీటర్లు. తీరమున నూరు మీటర్ల ఎత్తున ఏరియల్ ఉన్నచో అది 50 కిలోమీటర్ల దరిదాపులకు పోవును. అంతకు ఆవల వేటకు పోయిన పడవలోని తండేలు సెట్టుపై ఎంత అరచినను ఒడ్డున వినబడదు. చుట్టుపట్ల మరియొక పడవయో ఓడయో పదహారవ ఛానెలును తెరచియుంచినచో ఆ చెవియే అతనికి దిక్కు.

1988లో ఆమోదింపబడి, 1992 ఫిబ్రవరి 1 నుండి క్రమముగాను, 1999 ఫిబ్రవరి 1 నుండి సంపూర్ణముగాను అమలైన ప్రపంచ సముద్ర ఆపద్రక్షణ వ్యవస్థ ఈ శ్రవణభారమును మనుష్యునినుండి యంత్రమునకు మార్చినది. మూతక్రింద నుండు ఎర్రమీటను కొన్ని క్షణములు అదిమిపట్టినంతనే నౌక తొమ్మిదంకెల గుర్తింపుసంఖ్యయు (భారతనౌకలకు అది 419తో ఆరంభమగును), ఉన్నచోటును, కాలమును అంకాత్మక సంకేతరూపమున 156.525 మెగాహెర్ట్జుల డెబ్బదియవ ఛానెలుపైనో, 2187.5 కిలోహెర్ట్జులపైనో వెలువడును. ఓడ మునిగినయెడల నీటి ఒత్తిడిచే తనంతట విడివడి పైకితేలు బీకన్ 406 మెగాహెర్ట్జులపై ఉపగ్రహములకు అర్ధసెకను పిలుపును, సుమారు 50 సెకనులకొక పర్యాయము, రెండు దినములకు తక్కువగాకుండ పంపును. మోర్సు సంకేతములు అంతరించినవి. రేడియో ఆఫీసరు పదవి పెక్కు ఓడలలో రద్దయినది. గడియారముపై రంగులు అలంకారమాత్రములైనవి.

ఈ మార్పువలన రక్షింపబడిన ప్రాణములు అనేకములు. దానిని కాదనుట మౌఢ్యము. అయినను యంత్రము విన్నది మనుష్యుడు నమ్మవలెను గదా. పొరపాటున మీట తగులుటచేతను, పరీక్షించుటలో అజాగ్రత్తచేతను వెలువడు మిథ్యాసంకేతములు అసలు పిలుపులను మించిపోవుటచే అలారము మ్రోగినను ఉదాసీనముగా దానినాపు దురభ్యాసము ప్రబలినది. 2002లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పదహారవ ఛానెలుపై మనుష్యశ్రవణమును ఓడలు మానరాదని మరల నిర్ణయించుట ఈ సందర్భమున గమనింపదగినది. ఆ నిర్ణయము సమంజసమని నా దృఢవిశ్వాసము.

మన తీరమునకు సంబంధించిన చిక్కు మరియొకటి కలదు. ఆ అంతర్జాతీయ వ్యవస్థ ప్రయాణికనౌకలను, 300 టన్నులకు తగ్గని సరకు ఓడలను మాత్రమే బంధించును. ఇచ్ఛాపురము మొదలు తడ వరకు వేటసాగించు మరపడవలు దానికి వెలుపలనే నిలిచినవి. కాకినాడ చెంతనున్న వాకలపూడి కేంద్రము 518 కిలోహెర్ట్జులపై పంపు తుపాను హెచ్చరికలు దానికి తగిన గ్రాహకమున్న ఓడకే అక్షరరూపమున అందును. ఈ లోటును పూరించుటకై ఇస్రో రూపొందించిన ఆపత్ప్రేషకము 2010 నుండి వాడుకలో నున్నది. అది పంపిన పిలుపు ఉపగ్రహముద్వారా బెంగళూరు కేంద్రమునకును, అందుండి తీరరక్షకదళమునకును చేరును. తొలి పరికరమున పిలుపు చేరినదో లేదో వేటగానికి తెలియు మార్గము లేకుండెను. 2024లో వచ్చిన రెండవతరపు పరికరము పిలుపు అందినదని తిరిగి తెలుపును. నీటిలో మునుగుచున్నవానికి తన మొర ఆలకింపబడినదను ఎరుకయే సగము ప్రాణము.

కావున మత్స్యకారసంఘముల పెద్దలకును, బోటు యజమానులకును నా విన్నపమిది. పడవ చేతులు మారినపుడు దానిలోని ఆపత్పరికరము నమోదునందు పేరును, ఫోను నంబరును వెంటనే మార్పింపుడు. పాత యజమాని పేరనున్న పరికరము పిలిచినచో వెదకువారికి కాలహరణమగును. పదహారవ ఛానెలుపై చేపలధరలు ముచ్చటింపక, సముద్రముననున్నంతసేపు దానిని తెరచి వినుడు. తీరరక్షకదళపు ఉచిత సంఖ్య 1554ను వేటకు పోవువారి ఇంటింట వ్రాసియుంచుడు.