క్రీస్తు శిరస్సత్వం: కృష్ణా డెల్టా సంఘాల్లో విశ్వాసం, ఆచరణ

క్రైస్తవ సంఘానికి శిరస్సు క్రీస్తు ఒక్కడే. బిషప్పు అయినా, పాస్టరు అయినా, సంఘ పెద్ద అయినా, ఇంటి యజమాని అయినా ఆయన చేతి కింద పనివారే. ఈ విశ్వాసాన్నే తెలుగు సంఘాల్లో క్రీస్తు శిరస్సత్వం అంటారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 1:22, 5:23, కొలొస్సయులకు రాసిన పత్రిక 1:18 దీనికి ఆధార వచనాలు. మృతుల్లోంచి లేచిన యేసు సర్వాధికారం తనకు ఇవ్వబడిందని శిష్యులతో చెప్పిన మత్తయి 28:18 దీనికి పునాది. అదే సువార్త 20వ అధ్యాయం ఈ అధికారం ఎలాంటిదో చెబుతుంది: లోకంలో ఏలికలు జనం మీద పెత్తనం చేస్తారు, సంఘంలో గొప్పవాడు కాగోరినవాడు పరిచారకుడు కావాలి.

ఇంతవరకు అన్ని శాఖలూ ఒప్పుకుంటాయి. ఆ అధికారం భూమి మీద ఎవరి నోట, ఏ పద్ధతిలో వినబడుతుందన్న దగ్గరే దారులు చీలుతాయి. బెజవాడ చుట్టుపక్కల పల్లెల్లోకి మాత్రం ఈ ప్రశ్న మొదట వేదాంత చర్చగా రాలేదు. ఆదివారం ఆసామి పొలానికి వెళ్లాలా మానాలా, జాతరలో డప్పు కొట్టాలా వద్దా, ఎవరి పక్కన కూర్చుని రొట్టె తినాలి అన్న రూపాల్లో వచ్చింది. ఈ ప్రాంతపు సంఘ చరిత్రను అర్థం చేసుకోవడానికి సభల తీర్మానాల కంటే ఆ మూడు ప్రశ్నలే ఎక్కువ పనికొస్తాయి.

రాఘవాపురం వెంకయ్య

చర్చి మిషనరీ సొసైటీ తెలుగు సేవ 1841లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లతో మొదలైంది. కృష్ణపై బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టింది 1852, 1855 మధ్య. ఆ నిర్మాణం ముగిసిన కొద్ది ఏళ్లకే థామస్ డార్లింగ్ బెజవాడలో మిషనరీగా ఉన్నాడు. వచ్చి చాలాకాలమైనా పల్లెల నుంచి వినేవారు లేక డీలాపడి ఉన్న రోజులవి.

నందిగామ ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య మాల కులస్థుడు, తనవాళ్లలో మాట చెల్లే మనిషి. విగ్రహాలను మించిన గొప్ప దేవుడు ఒకడున్నాడని విని, ఆయనెవరో తెలియకుండానే తనకు కనబడమని ప్రార్థించడం మొదలుపెట్టాడు. నదీ స్నానానికి బెజవాడ వచ్చినప్పుడు వాకబు చేసి డార్లింగ్ దగ్గరికి చేరాడు. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెంట ఆయన వారు, వారి వెంట చుట్టుపక్కల పల్లెలు వచ్చాయి. 1891లో చనిపోయేదాకా ఊరూరా తిరిగి చెబుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వెంకయ్యను ఏ మిషనరీ వెతికి పట్టుకోలేదు, ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు. తెలుగు పల్లె సంఘం పుట్టుకలో విదేశీ సొసైటీ పాత్ర ఎంత ఉన్నా, క్రీస్తు మాటకు లోబడాలన్న నిర్ణయం మాత్రం మాలపల్లెలో, చదువురాని ఒక పెద్దమనిషి గుండెలో జరిగింది. సంఘం ఎవరిదన్న వాదన వచ్చినప్పుడల్లా రాఘవాపురాన్ని తలచుకోవడం న్యాయం.

ఆదివారం, డప్పు, చచ్చిన పశువు

కృష్ణకు దక్షిణాన ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి యర్రగుంట్ల పేరయ్య వచ్చి 1866లో బాప్తిస్మం పొందాడు. ఆయన ద్వారా మాదిగ పల్లెల్లో మొదలైన కదలికలో కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

వినడానికి తేలిక, పాటించడానికి ప్రాణసంకటం. మాదిగవాడి బతుకు ఊరితో ముడిపడి ఉంది. తోలు పని, మోట పని, అమ్మవారి కొలుపులో డప్పు అతని వంతు, బదులుగా కళ్లంలో గింజలు దక్కేవి. డప్పు కొట్టనన్న రోజున ఊరి పెద్దల అధికారాన్ని కాదన్నట్టే. ఆదివారం రానన్న పాలేరు ఆసామి అధికారాన్ని కాదన్నట్టే. ఊళ్లు ఊరుకోలేదు. నీళ్లు, దారులు, పని మూసేసిన సందర్భాలున్నాయి. మనుషుల కంటే దేవునికే ఎక్కువగా లోబడాలన్న అపొస్తలుల కార్యముల 5వ అధ్యాయపు మాట ఆ కుటుంబాలకు కూలి డబ్బుల లెక్కలో అర్థమైంది. 1878లో, మహా కరువు వెంటనే, ఒక్క జూలై 3వ తేదీనే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చారు. కరువు కూలి కోసం వచ్చారన్న విమర్శ అప్పుడే పుట్టింది. కరువు సాయం ఆగాకే బాప్తిస్మాలు ఇవ్వాలని క్లౌ అంతదాకా ఆపి ఉంచాడన్న సంగతిని కూడా దాని పక్కన పెట్టి చూడాలి.

ఒకే బల్ల

మచిలీపట్నంలో నోబుల్ 1843లో పెట్టిన పాఠశాల పై కులాల పిల్లల్ని చేరుకోవడానికి ఉద్దేశించింది. అందుకోసం అంటరానివారన్న పిల్లల్ని అందులో చేర్చుకోలేదు. 1852లో అక్కడి విద్యార్థులు మంచాల రత్నం, అయినాల భూషణం బాప్తిస్మం తీసుకుంటే పట్నం అట్టుడికిపోయింది, పాఠశాల దాదాపు ఖాళీ అయింది. ఇద్దరూ తర్వాత గురువులయ్యారు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన వారి తెగువను తక్కువ చేయలేం. అయితే శిరస్సు ఒక్కడేనని బోధిస్తూ శరీరంలో కొన్ని అవయవాలను గుమ్మం బయట నిలబెట్టిన పద్ధతి సంఘానికి చాలాకాలం బరువైంది.

ఆ బరువు ప్రభు రాత్రి భోజన సంస్కారం దగ్గర తేలింది. కలిసి పాడటం, కలిసి వినడం సులువే, ఒకే గిన్నెలో తాగడమే కష్టం. డెల్టాలో మాలలు ఒక మిషన్‌లో, మాదిగలు మరో మిషన్‌లో ఎక్కువగా చేరడం వల్ల శాఖల హద్దులు చాలాచోట్ల పల్లెల హద్దులతో కలిసిపోయాయి. ఈ గోడను పడగొట్టాలని పట్టుబట్టినవాడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళనాడు నుంచి తెలుగు నేలకు సేవకు వచ్చిన ఆయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. కృష్ణా జిల్లా సంఘాలు తర్వాత ఆయన పాలనలోకి వచ్చాయి. బిషప్పు కావడానికి రెండేళ్ల ముందు ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో, మిషనరీలు దానాలతో పాటు స్నేహాన్ని కూడా ఇవ్వాలని ఆయన నిలదీశాడు. దొరతనం క్రీస్తు పేరుతో వచ్చినా దొరతనమేనని ఆయనకు తెలుసు.

అజరయ్య పద్ధతిలో బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషీ సాక్షి. ఆరాధనలో జనం తలమీద చెయ్యి పెట్టుకుని తాము బాప్తిస్మం పొందినవారమనీ, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అనీ పలికేవారు. ఏటా సాక్ష్య వారంలో కూలీలు, పాలేర్లు గుంపులుగా పొరుగూళ్లకు వెళ్లేవారు. అధికారం పైనుంచి కిందికి బిషప్పు ద్వారా దిగుతుందని నమ్మే సంఘంలోనే ఈ ఏర్పాటు సాగడం విశేషం.

అధికారం ఎవరి ద్వారా

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు బిషప్పు పదవిని తెచ్చారు, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారు పెద్దల సభలనూ సంఘస్థుల ఓటునూ తెచ్చారు. డెల్టాలో కృష్ణా-గోదావరి అధ్యక్ష మండలం ఆ వారసత్వమే. అక్కడ పాస్టరుగారిని మండలం నియమిస్తుంది, బదిలీ చేస్తుంది, పాస్టరేటు కమిటీని సంఘం ఎన్నుకుంటుంది. కాగితం మీద ఇది తూకమైన ఏర్పాటు. ఎన్నికల్లో కులం, ఆస్తి తగాదాలు, కోర్టు వ్యాజ్యాలు చొరబడ్డప్పుడు ఆ తూకం చెడుతుంది. విశ్వాసులు ఒకరినొకరు న్యాయస్థానానికి ఈడ్చుకోవడాన్ని మందలించిన మొదటి కొరింథీ 6వ అధ్యాయం చదవని పాస్టరేటు ఉండదు.

వుయ్యూరు, అవనిగడ్డ, ఆకివీడు వైపు పనిచేసిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ సంఘాల్లో బిషప్పు లేడు. విశ్వసించి, కాలవలోనో చెరువులోనో ముంచి బాప్తిస్మం పొందినవారి సభే క్రీస్తు చిత్తాన్ని తెలుసుకుని నిర్ణయించాలి.

కతోలిక సంఘంలో క్రీస్తు అధికారం అపొస్తలుల వారసులైన పీఠాధిపతుల ద్వారా నడుస్తుంది. విజయవాడ మేత్రాసనం 1937లో ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాజ్యాలు తమకు మించినది లేదని అనుకుంటున్న కాలంలో, 1925లో, పదకొండవ పయస్ పోపు క్రీస్తురాజు పండుగను స్థాపించాడు. ఇప్పుడు ఆరాధన సంవత్సరపు చివరి ఆదివారం దాన్ని జరుపుతారు. విజయవాడలో ఒక పేటకు క్రీస్తురాజపురం అనే పేరుంది.

మనుషుల ఏర్పాట్లను వీలైనంత తగ్గించాలన్న దారి వేరు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సహోదర సంఘాలకు నాంది పలికాయి. వారి వెనక జీతమిచ్చే సొసైటీ లేదు. ఆ భావన తెలుగు దేశమంతటా పాకింది మాత్రం భక్తసింగ్ వల్ల. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదువుకు ఇంగ్లండు, కెనడా వెళ్లి, అక్కడ క్రీస్తును నమ్మి, 1933లో తిరిగొచ్చిన ఈయన 1941లో మద్రాసులో, 1950లో హైదరాబాదులోని హెబ్రోనులో సంఘాలు నెలకొల్పాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల పట్నాల్లోనూ పల్లెల్లోనూ ఆయన ప్రభావంతో పుట్టిన సంఘాలు ఎన్నో.

ఈ సంఘాల్లో శిరస్సత్వం అన్న మాట రోజూ వినబడుతుంది. ప్రతి స్థానిక సంఘం నేరుగా క్రీస్తుకే జవాబుదారీ. ఒక్క పాస్టరు కాక పలువురు పెద్దలుంటారు. దైవసేవకులకు నిర్ణీత జీతం ఉండదు. పని పెట్టుకునే ముందు ఓటు వేయరు, అందరూ ఏకమనస్సుకు వచ్చేదాకా మోకాళ్ల మీద ప్రార్థిస్తారు. ఆదివారం ఆరాధన గంటల తరబడి సాగుతుంది. ముందే రాసిన క్రమం లేకుండా ఎవరైనా లేచి స్తుతిస్తారు, తర్వాత రొట్టె విరుస్తారు, వాక్యం వింటారు, చివర చాపల మీద వరసగా కూర్చుని ప్రేమ విందు చేస్తారు. ఆ వరసలో పక్కవాడి కులం అడగరు. అనేక తీర్మానాలు చేయలేని పని ఆ చాప చేసిందని చెప్పాలి. భక్తసింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశాడు. అయితే శిరస్సు క్రీస్తేనని ఒప్పుకున్నా ఒక మనిషి మాటే ఆఖరి మాటయ్యే ప్రమాదం బిషప్పులున్న సంఘంలో ఎంతో, లేని సంఘంలోనూ అంతే. పెద్దల్ని ప్రశ్నించే మార్గం రాసి లేనిచోట ఆ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ.

ఇదే మాట నేడు పట్నాల్లో పెరిగిన స్వతంత్ర పరిచర్యలకూ వర్తిస్తుంది. 1935లో ఏలూరులో నమోదైన ఇండియా పెంతెకొస్తు సంఘం లాంటివి నియమావళితో నడుస్తాయి. కానీ ఒకే కుటుంబం చేతిలో ఉండే పరిచర్యలో లెక్క ఎవరికి చెప్పాలన్నది ఇంకా తేలని ప్రశ్న.

స్త్రీల మాట

మొదటి కొరింథీ 11వ అధ్యాయంలో పురుషునికి క్రీస్తు, స్త్రీకి పురుషుడు శిరస్సని ఉన్న భాగాన్ని సహోదర సంఘాలు అక్షరాలా పాటిస్తాయి. ఆరాధనలో స్త్రీలు ముసుగు వేసుకుంటారు, సభలో బోధించరు. దక్షిణ ఇండియా సంఘం 1976 నుంచి స్త్రీలకు గురుత్వాభిషేకం ఇస్తోంది. 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్పయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు ఆమే. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి పల్లె సంఘాన్ని నిలబెట్టిన బైబిలు స్త్రీలను గుర్తుచేసుకుంటే ఈ నిర్ణయం ఆలస్యంగా వచ్చిందే తప్ప కొత్తగా రాలేదు.

ఇంటి లోపల

రోజువారీ బతుకులో శిరస్సత్వం చిన్న అలవాట్ల రూపంలో ఉంటుంది. పొద్దున్నే కుటుంబ ప్రార్థన, శుక్రవారం ఉపవాస కూడిక, వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట గృహ ప్రార్థన. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీసి సంఘానికి ఇవ్వడం పేద స్త్రీలు పెంచిన ఆచారం. సంఘం విదేశీ డబ్బు మీద బతకకూడదని అజరయ్య ఏళ్లపాటు చెప్పిన మాటకు వంటింటి నుంచి వచ్చిన జవాబది. కోతల పండుగకు వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి ఆరాధన తర్వాత వేలం పాడతారు.

పరీక్ష పెళ్లి దగ్గర వస్తుంది. రాహుకాలం చూడనివారు కూడా కట్నం దగ్గర లోకం లెక్కే వేస్తారు. సంబంధం వెతికేటప్పుడు శాఖ తర్వాత కులం అడుగుతారు, చాలాసార్లు ముందే అడుగుతారు. మద్యపానానికీ, రెండో పెళ్లికీ ప్రభు బల్లకు దూరం పెట్టే సంఘాలు కట్నం తీసుకున్నవాడిని బల్ల దగ్గరికి రానిస్తున్నాయి. ఇది సరిదిద్దుకోవలసిన క్రమశిక్షణ.

ధ్రువపత్రంలోని పేరు

యేసే ప్రభువని బహిరంగంగా ఒప్పుకోవడానికి దళిత కుటుంబాలు నేటికీ వెల చెల్లిస్తున్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా వర్తింపజేశారు, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి కిందికి వస్తారు, వారి రిజర్వేషను 1 శాతం. అందుకే బడి రిజిస్టరులో ఒక పేరు, బాప్తిస్మపు రిజిస్టరులో మరో పేరు ఉన్న ఇళ్లు డెల్టా పల్లెల్లో కొల్లలు. దీన్ని విశ్వాసాన్ని దాచుకోవడంగా చూసే పాస్టర్లున్నారు, కులం వల్ల పడ్డ బాధ మతం మారినా మారలేదు కనుక హక్కు పోకూడదనేవారూ ఉన్నారు. రెండో వాదనలోనే న్యాయం ఎక్కువుంది. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతపరమైన ఆ షరతును తీసేయాలని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇదే అంశంపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది.