సింహాచలం గోడ మీద తొలి దానం రాజుది కాదు!

ఈ ఎపిసోడ్‌లో సింహాచలం వెళ్దాం. "అదెందుకు బ్రో, వంద సార్లు వెళ్ళాం" అంటారా? మా ఆనందపురం వాళ్ళం కూడా అంతే. బండి తీస్తే గంటలోపే అడివివరం. కొండెక్కి, దర్శనం చేసుకుని, కప్పస్తంభాన్ని కౌగిలించుకుని, ప్రసాదం కొనుక్కుని దిగిపోతాం. ఆ హడావుడిలో అసలు చూడనివి గోడలు, స్తంభాలు. వాటి మీద వందల శాసనాలున్నాయి. ఎక్కువ తెలుగులో, సంస్కృతంలో, కొన్ని ఒరియాలో, తమిళంలో. స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కరోజే, అక్షయ తృతీయ నాడు కనిపిస్తుంది. మిగతా రోజులన్నీ చందనమే. గోడలకి మాత్రం ఏ చందనమూ లేదు, రోజూ నిజరూపమే. చూసేవాళ్ళే లేరు.

సరే, మొదటి నుంచి మొదలుపెడదాం. ఇక్కడ దొరికిన పాత శాసనం 1098-99 నాటిది. అప్పటి చక్రవర్తి కులోత్తుంగ చోళుడు. ఈయన కళింగ మీద యుద్ధాలు చేసినవాడు. అయితే ఆ రాతి మీద ఉన్నది యుద్ధం గురించి కాదు. ఒక మామూలు వ్యక్తి స్వామికి ఒక తోట ఇచ్చాడు. అంతే, అదే మేటర్. పూల మార్కెట్‌కి పేరున్న మా ఊరివాడిగా నాకు ఇది భలే నచ్చింది. ఇంత పెద్ద క్షేత్రం రికార్డు ఒక తోటతో మొదలవుతోంది!

తర్వాత 12వ శతాబ్దంలో వెలనాటి గొంకరాజు రాణి స్వామికి బంగారు తొడుగు చేయించింది. అంటే గుంటూరు వైపు నుంచి కూడా ఇక్కడికి కానుకలు వచ్చేవన్నమాట.

ఇప్పుడు పెద్ద ట్విస్ట్. మీరు కోణార్క్ ఫొటోలు చూసుంటారు కదా, 24 చక్రాల సూర్య దేవాలయం. దాన్ని కట్టించిన తూర్పు గంగ రాజు మొదటి నరసింహదేవుడే ఈ సింహాచలం గుడిని కూడా ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చాడు. గర్భాలయం, ముఖమండపం, నాట్యమండపం నల్లరాతితో కట్టించినట్టు 1267-68 నాటి శాసనం చెబుతోంది. అప్పటికి ఆయన లేడు, కొడుకు భానుదేవుడి పాలన నడుస్తోంది. ఈసారి వెళ్ళినప్పుడు గుర్రాలు లాగుతున్న రాతిరథం చూడండి. కోణార్క్ గుర్తుకు రాకపోతే అడగండి.

ఇక శ్రీకృష్ణదేవరాయలు. ఒడిశా గజపతి ప్రతాపరుద్రుడి మీద దండయాత్రలో కోట తర్వాత కోట గెలుచుకుంటూ 1516లో ఇక్కడిదాకా వచ్చాడు. మనకి దగ్గర్లోని పొట్నూరులో జయస్తంభం వేయించాడు. ఇది అప్పటిదాకా శత్రువు ఏలుబడిలో ఉన్న గుడి. అయినా కానుకలిచ్చాడు. తల్లి నాగలాదేవికి, తండ్రి నరసానాయకుడికి పుణ్యం కలగాలని 991 ముత్యాల హారం, ఇంకా నగలు సమర్పించాడు. వెంట వచ్చిన రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి చెరో పతకం ఇచ్చారు. 1519లో మళ్ళీ వచ్చి ఊళ్ళు రాసిచ్చాడు.

రాజుల సంగతి సరే. ఈ గోడల మీద నాకు ఇంకా ఇష్టమైనవి చిన్న చిన్న శాసనాలు. ఎవరో ఒకరు గుడి భండారంలో ఇన్ని గండమాడలు అని బంగారు నాణేలు కట్టేవారు. బదులుగా స్వామి ముందు అఖండ దీపం వెలగాలి, లేదా రోజూ ఇంత నైవేద్యం పెట్టాలి. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. ఎవరు కట్టారు, ఎంత కట్టారు, ఎందుకు కట్టారు, మొత్తం రాతి మీద ఉంది. రాజ్యాలు మారినా డిలీట్ కాని లాగ్ ఫైల్ ఇది.

ఒక చిన్న ట్రిక్ చెప్తాను. శాసనాల్లో ఏడాది ఎక్కువగా శక సంవత్సరంలో ఉంటుంది. దానికి 78 కలపండి. శకం 1438 అని ఉంటే 1516, అదే రాయలవారు వచ్చిన ఏడాది. నెలని బట్టి ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు. అక్షరాలు చదవడం రాకపోతే, దక్షిణ భారత శాసనాల ఆరో సంపుటంలో సింహాచలం శాసనాల పాఠం అచ్చయింది, ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఇంట్లో చదువుకుని వెళ్ళండి. గుళ్ళోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి అక్కడ మన కళ్ళే కెమెరా.

చివరిగా సీరియస్ విషయం. ఇక్కడి శాసనాలు చాలావాటి చివర "శ్రీవైష్ణవ రక్ష" అని ఉంటుంది. ఈ ధర్మాన్ని కాపాడే బాధ్యత భక్తులదే అని అర్థం. రాజుదని రాయలేదు, సైన్యానిదని రాయలేదు. ఇప్పుడు మన పాత గుళ్ళలో ఏం చేస్తున్నాం? శాసనాల మీద సున్నం వేస్తున్నాం, ఆయిల్ పెయింట్ కొడుతున్నాం, పసుపు కుంకుమ రుద్దుతున్నాం, లవర్ పేరు చెక్కుతున్నాం. తొమ్మిది వందల ఏళ్ళ కిందట తోట ఇచ్చిన మనిషికి ఈ లోకంలో మిగిలిన గుర్తు బహుశా ఆ నాలుగు వరుసలే. అవి అరిగిపోతే ఆయనకి బ్యాకప్ లేదు.

మీ ఊరి గుళ్ళో రాతల రాయి ఉంటే, దాన్ని రుద్దకండి, సుద్దముక్క పెట్టి దిద్దకండి. ఫొటో తీయనిచ్చే చోటైతే పక్క నుంచి వెలుతురు పడేటప్పుడు తీయండి, అక్షరాలు బాగా తేలతాయి. ఊరి పేరుతో కామెంట్‌లో చెప్పండి, కలిసి చదువుదాం. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో పొట్నూరులో కలుద్దాం.